గట్టిగా చెప్పాల్సిన మాట

తిరుత్తణి,
ఆగస్టు 21

దేవసేనకు,

అత్త దీవించి రాసేది. ఎదురింటి నాగలింగం దినమూ రైల్లో తిరువళ్ళూరుకే కదా పనికి వస్తాడు, వాని చేతికే ఈ జాబు ఇస్తా ఉండాను. పోస్టులో వేస్తే ఎప్పుడు చేరతాదో.

నిన్న నీ స్కాన్ రూములో ఏం జరిగినాదో నాకు ఒక్క ముక్క తెలీలేదు. లైటు ఆర్పేసినారు. చీకట్లో నీ నోరు కనబడదు, చెవులు ఎట్లాగూ లేవు. వయసంతా పవర్‌లూమ్ షెడ్డులో నిలబడినదాన్ని, ఇప్పుడు పక్కన కూర్చోని మాట్లాడినా గాలి ఊదినట్టే ఉంటాది. టీవీలో ఏదో నల్లగా గుండ్రంగా కనబడినాది. నువ్వు దాన్నే తిప్పి తిప్పి చూసినావు. రంజిత నీ మొగం చూస్తా ఉండాది, నేను నా కోడలి మొగం చూస్తా ఉండాను. బయటికొచ్చినాక నా చెయ్యి పట్టుకోని ఏందో చెప్పినావు. నీళ్ళు అనేది మాత్రం అర్థమయినాది. బిడ్డ చుట్టూ నీళ్ళా, బిడ్డలో నీళ్ళా?

ఇంటికొచ్చి ముకేశ్‌ను అడిగితే వాడు చేత్తో ఇంత అని చూపించి కడుపులో తిత్తి అన్నాడు. ఇంకా అడిగితే ఫోన్లో రాసి చూపించినాడు. అంతా అరవం. నాకు ఆ అక్షరాలు రావు, వానికి తెలుగు అక్షరాలు రావు. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు అందరూ, చదివేదాన్ని నేనొక్కతే. మీ అమ్మ పోయినాక నువ్వు మా ఇంట్లో పెరిగినప్పుడు నీకు పలక మీద దిద్దించినాను, ఇప్పుడు నువ్వే నాకు దిక్కయినావు.

రంజిత పోయిన నెల దాకా షెడ్డులో కూర్చోని కండెలకు రంగు నూలు చుట్టినాది. ఊరికే కూర్చుంటే కాళ్ళు వాస్తాయని నేనే చుట్టమన్నాను. ఆ రంగు వాసన వల్ల వచ్చినాదా? బిడ్డ బతుకుతాదా? సీమంతానికి గాజులన్నీ తెచ్చి పెట్టినాము, చేయాలా నిలపాలా?

ఇంకొకటి. ఆడబిడ్డా మొగబిడ్డా అనేది కూడా రాయి. ఎవరికీ చెప్పను. చదివి ఈ కాగితం పొయ్యిలో పెడతాను.

మీ అత్త
చెంగమ్మ


తిరువళ్ళూరు,
ఆగస్టు 24

అత్తకు నమస్కారం.

నీళ్ళు బిడ్డ చుట్టూ కాదు, బిడ్డ లోపల. పొత్తికడుపులో, మూత్రం సంచికి వెనకపక్క, తిత్తి మాదిరి నీళ్ళు నిలిచినాయి. అది ఒత్తడం వల్ల మూత్రపిండాలు రెండూ కొంచెం ఉబ్బినాయి. ఐదో నెలలో నేనే స్కాన్ చేసినాను కదా, ఆ బొమ్మలు మళ్ళీ తీసి చూసినాను. అప్పుడు ఇది లేదు. ఇట్లాంటివి కొన్ని చివరి నెలల్లోనే బయటపడతాయి. రంగు నూలుకూ దీనికీ సంబంధం లేదు. రంజిత చేసినదాని వల్ల గానీ నువ్వు చేయమన్నదాని వల్ల గానీ వచ్చింది కాదు.

దీనికి కారణాలు రెండు మూడు ఉండొచ్చు. చెన్నైలో పెద్ద డాక్టరు దగ్గర ఇంకో స్కాన్ చేయించుకోమని చీటీ రాసి ముకేశ్ చేతికి ఇచ్చినాను. ప్రసవం కూడా అక్కడే పెట్టుకోండి, పిల్లల సర్జన్ ఉండేచోట. అంతకు మించి ఇప్పుడు నేను చెప్పలేను. సీమంతం మీ ఇష్టం.

నువ్వు అడిగిన ఇంకో మాట గురించి. నా రూము బయట బోర్డు ఉంది, నువ్వు చూసే ఉంటావు. కడుపులో ఉండేది ఆడో మొగో చెప్పడం నేరం. జైలుకు భయపడి చెప్పడం లేదని అనుకోవద్దు. ఇక్కడికి వచ్చే అత్తగార్లు ఏదో ఒక దారిలో అడుగుతానే ఉంటారు. నీలం గౌను కుట్టించాలా, ఎర్ర గౌనా అంటారు. ఇంటికి పోయి ఏం స్వీటు పంచాల అంటారు. ఎందుకు అడుగుతారో నాకు తెలుసు. మీ ఇంట్లో జనని ఉండనే ఉంది. నాలుగేండ్ల ఆడపిల్ల ఉండే ఇంట్లో రెండోసారికి ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో కూడా తెలుసు. నువ్వు ఆ వరసలో నిలబడతావని మాత్రం అనుకోలేదు. చదివి పొయ్యిలో పెడతాను అని రాసినావే, ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయినాను.

రంజితను బాగా తినమని చెప్పు.

దేవసేన


తిరుత్తణి,
సెప్టెంబరు 9

దేవసేనకు,

జాబు చేరినాది. సరి. ఆ మాట ఇంక అడగను.

నువ్వు చెప్పినట్టే ముకేశ్, రంజిత చెన్నై పోయి వచ్చినారు. అక్కడి డాక్టరమ్మ కూడా నువ్వు చెప్పిందే చెప్పినాదంట. పుట్టినాక ఆపరేషన్ పడొచ్చు, చిన్నదో పెద్దదో పుట్టినాక గాని తెలీదు అన్నాదంట. దాంతోపాటు గుండెలోనో పేగులోనో వేళ్ళలోనో ఇంకేమైనా లోపం ఉండొచ్చు, లేకపోనూ వచ్చు అన్నాదంట. ముకేశ్ ఆ ఉండొచ్చు వరకే విని వచ్చినాడు. మీ మామకు వాడు ఒక్కో లోపం చెప్తా ఉంటే ఆయన పక్కకు తిరిగి కూర్చున్నాడు. రంజిత రైల్లో ఆవడి దాటినాక ఏడవడం మొదలుపెట్టి తిరుత్తణిలో దిగేవరకు ఏడ్చినాదంట.

సీమంతం నిలిపేసినాము. రంజిత వాళ్ళమ్మ ఆర్.కె.పేట నుండి చీర, పూలు అన్నీ తీసుకోని వచ్చి, ఎవరిని అడిగి నిలిపినారని నాతో పోట్లాడినాది. నాకు సగమే అర్థమయినాది. ఆ సగమే చాలు అనిపించినాది.

వారం నుండి రంజిత తెల్లారే లేచి కొండ మెట్లు ఎక్కుతా ఉండాది. మొక్కు అంటాది. ఏమీ తినకుండా పోయి, దిగి వచ్చినాకనే గంజి తాగుతాది. మెట్ల దారి వద్దు, రోడ్డు దారిలో బండి మీద తీసుకుపోతానని ముకేశ్ చెప్పినా వినలేదు. ఈ కడుపుతో ఎక్కొచ్చునా? సామి మీద భారం వేసినప్పుడు నడుమ నేనెందుకని ఊరుకున్నాను. నువ్వు చెప్తే వింటాది.

ఇంతే. ఒళ్ళు చూసుకో.

చెంగమ్మ


తిరువళ్ళూరు,
సెప్టెంబరు 30

అత్తా,

ఆస్పత్రి వరండాలో నువ్వు నా నోటికేసి చూస్తా ఉంటే నాకు ఏం చెప్పాలో తెలియలేదు. అంతమంది నడుమ ఆ మాటలు అరిచి చెప్పలేను. అందుకే ఇప్పుడు రాస్తా ఉండాను.

ముందు ఇది. నీ పోయిన జాబుకు నేను జవాబు రాయలేదు. స్కాన్‌కు స్కాన్‌కు నడుమ చదివి బ్యాగులో పెట్టుకున్నాను. కొండ ఎక్కొచ్చునా అని అడిగినావు. వద్దు అని ఒక్క మాట. రాయనక్కర కూడా లేదు, రంజితకు ఫోన్ చేసి చెప్పుంటే అయిపోయేది. నీ మీద కోపంతో రేపు, రేపు అనుకుంటా పోయినాను. రంజితకు మెట్ల మీదే ఉమ్మనీళ్ళు పోయినాయి, అంబులెన్సులో చెన్నైకి తీసుకుపోతా ఉండామని ముకేశ్ ఫోన్ చేసినప్పుడు నీ జాబు నా బ్యాగులోనే ఉంది.

ఇప్పుడు బిడ్డ పుట్టింది కాబట్టి దాచిందంతా రాయొచ్చు.

ఆడబిడ్డకు గర్భసంచి నుండి బయటికి ఒక దారి ఉంటుంది కదా. ఈ బిడ్డకు ఆ దారి చివర సన్నటి పొర ఒకటి పుట్టుకలోనే మూసుకుపోయింది. తల్లి ఒంట్లో నుండి బిడ్డకు చేరే హార్మోను వల్ల లోపల తేమ ఊరుతుంది. అది బయటికి పోయే దారి లేక నిలిచి, ఉబ్బి, తిత్తి మాదిరి అయింది. ఆగస్టులో తెర మీద చూసిన కాసేపటికే నాకు దాదాపు తెలిసిపోయింది. అది ఆడబిడ్డకు తప్ప రాదు. దాని పేరు చెప్తే ఆడబిడ్డ అని చెప్పినట్టే. అందుకే తిత్తి అన్నాను. రెండు మూడు కారణాలు ఉండొచ్చు అన్నాను.

చట్టం నన్ను ఒక్క మాట దాచమంది. నేను దాంతోపాటు ధైర్యాన్ని కూడా దాచినాను. ఇట్లాంటివి ఎక్కువ భాగం పుట్టినాక చిన్న గాటుతో బాగవుతాయి, ప్రాణానికి ఏం కాదు అని నేను రంజితతో చెప్పొచ్చు. ఆడా మొగా అని చెప్పకుండానే చెప్పొచ్చు. చీకటి గదిలో నా చెయ్యి పట్టుకోని, ఏంది అక్కా అది అని అడిగింది. చెన్నైలో చెప్తారులే అన్నాను. ఎందుకంటే నా నోటి నుండి ఏ చిన్న మాట జారినా మీ ఇంట్లో పట్టేసుకుంటారని భయం. పట్టుకోని ఏం చేస్తారో అని నా మనసులో మీ అందరి మీద ఒక తీర్పు ముందే రాసి పెట్టుకున్నాను.

పుట్టినప్పుడు కడుపు డోలు మాదిరి బిగుసుకోని ఉంది. మూత్రం పోలేదు. నేను డాక్టర్నని చెప్పుకోని లోపలికి పోయినాను. ముందు వేళ్ళు చూసినాను, చేతులవి, కాళ్ళవి. ఎక్కువ వేలు ఉంటే వేరే పెద్ద జబ్బుకు గుర్తు. లేదు. గుండె కూడా బాగుంది. సర్జన్ ఆ పొర మీద చిన్న గాటు పెట్టినాడు. పాల మాదిరి తెల్లటి నీళ్ళు వచ్చినాయి. చూస్తా ఉండగానే కడుపు దిగింది. ఆ పని అంతే అత్తా. అంత చిన్న పని.

కానీ నెల ముందు పుట్టింది. ఊపిరి ఇంకా మిషనే పోస్తా ఉంది. మూత్రపిండాల ఉబ్బు తగ్గుతుందో లేదో కొన్ని వారాలు పోతే గాని తెలియదు. చిన్న గాటుతో పోయేదాన్ని నేను ఇంత దూరం తెచ్చినాను.

నన్ను తిట్టి రాయి. రాయకుండా ఉండొద్దు.

దేవసేన


తిరుత్తణి,
అక్టోబరు 6

దేవసేనా,

నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. నువ్వు రాసినావు కాబట్టి నేను కూడా రాస్తాను.

వాళ్ళు చెన్నై పోయి వచ్చిన మర్నాడు వంటింట్లో మీ మామకు అన్నం పెడతా ఉండాను. రంజిత గదిలో పడుకోని ఉండాది అనుకున్నాను. ఆయనతో మెల్లగా ఒక మాట అన్నాను. అన్ని లోపాలతో పుట్టి కోతలు పడేదానికంటే ఆ బిడ్డ లోపలే పోతే మేలు అన్నాను. మెల్లగా అన్నాననే అనుకున్నాను. చెవులు పోయినవాళ్ళకు తమ గొంతు ఎంత పైకి లేస్తాదో తెలీదు. మీ మామ చెయ్యెత్తి ఆపినాడు, వాకిలి పక్క చూసినాడు. రంజిత అక్కడ నిలబడి ఉండాది, జననికి పాలగ్లాసు పట్టుకోని. ఆ గ్లాసు పొయ్యి పక్కన పెట్టి పోయినాది.

దాని మర్నాడే కొండ ఎక్కడం మొదలుపెట్టినాది.

నేను నీకు మొక్కు అని రాసినాను. అది మొక్కు కాదేమో అని నాకు అప్పుడే అనుమానం. తినకుండా పోవడం, బండి వద్దనడం, దిగి వచ్చినాక కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకోవడం, అన్నీ చూస్తా ఉండాను. నా మాట వల్లే అని రాస్తే నీ దగ్గర చులకన అయిపోతానని, ఎక్కొచ్చునా అని మాత్రం రాసినాను. నువ్వు జవాబు రాయలేదని బాధపడతా ఉండావు. నేను అడగాల్సింది సరిగ్గా అడిగుంటే నువ్వు రాయకుండా ఉండేదానివా? పరిగెత్తుకోని వచ్చుండేదానివి.

ఆడా మొగా అని ఎందుకు అడిగినానో కూడా చెప్తాను. నమ్మితే నమ్ము. ఆ రోజు నీ మొగం చూసినాక బిడ్డ దక్కదని నాకు అనిపించినాది. ఇంటికొచ్చి సామి పటం ముందర నిలబడితే ఏమని మొక్కాలో తెలీలేదు. అది బతకాల, దాన్ని కాపాడు అని మొక్కలేకపోయినాను. బిడ్డను అది అంటే ఎట్లా? ఏదో ఒకటి తెలిస్తే మనసులో ఒక పేరు పెట్టుకోని మొక్కొచ్చు, పోతే ఆ పేరు పెట్టి ఏడవొచ్చు అనుకున్నాను. పొయ్యిలో పెడతానన్నది నీకు చిక్కు రాకూడదని. నేను సరిగ్గా రాయలేదు, నువ్వు సరిగ్గా చదవలేదు.

అయినా నీ అనుమానం పూర్తిగా తప్పని కూడా అనను. బిడ్డ పోతే మేలు అన్నదాన్నే కదా నేను. ఆడబిడ్డ అని అనలేదు, అంతే తేడా.

ఆస్పత్రిలో అన్ని దినాలు రంజిత మంచం పక్కన కూర్చున్నాను. తల దువ్వినాను, కాఫీ పోసిచ్చినాను. ఆ మాట మన్నించమని అడగలేదు. అడగాలంటే ఆమె చెప్పే జవాబు నాకు వినబడాల కదా అని ఒక సాకు చెప్పుకున్నాను.

చెంగమ్మ


తిరువళ్ళూరు,
అక్టోబరు 23

అత్తకు,

బిడ్డ ఊపిరి తానే తీసుకుంటా ఉంది. పాలు కూడా తాగుతుంది. ఎల్లుండి ఇంటికి పంపిస్తారు. ముకేశ్ ఈపాటికి చెప్పే ఉంటాడు, అయినా నా చేత్తో రాయాలనిపించింది.

నీ జాబు చదివినప్పటి నుండి చీకటి గదిలో కూర్చున్నప్పుడల్లా నువ్వే గుర్తుకొస్తా ఉండావు. అమ్మ పోయినాక నన్ను ఎత్తుకోని తిరిగినదానివి. నువ్వు ఒక ప్రశ్న అడిగితే, ఎందుకు అత్తా అని తిరిగి అడగొచ్చు కదా. అడగలేదు. ముక్కూమొగం తెలియని వాళ్ళ పక్కన నిన్ను నిలబెట్టినాను. దీన్ని ఎట్లా సరిచేసుకోవాలో నాకు తెలియదు.

కొండ ఎక్కినందుకే నీళ్ళు పోయినాయా అని నువ్వు అడగలేదు గానీ, మనసులో ఉంటుంది. ఎవరూ చెప్పలేరు. ఎక్కినందుకు కావచ్చు. ఎక్కకుండా ఇంట్లో కూర్చున్నా కావచ్చు, ఏ కారణమూ లేకుండానే నెల ముందు పుట్టే బిడ్డలు ఎంతమందో. నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు. ఇదే మాట నాకు నేను చెప్పుకోని చూసినాను, పని చేయలేదు.

ఆస్పత్రిలో ఒకరోజు రంజిత నాతో ఒక మాట చెప్పింది. అది నీకు రాయను. మళ్ళీ దాస్తా ఉందేమో అనుకుంటావు. పోయినసారి నాకు తెలిసిందాన్ని ఆమెకు చెప్పకుండా దాచినాను. ఈసారి అది ఆమె మాట. చెప్పాలంటే ఆమే చెప్పాల. నేను ఒక్కటే అన్నాను, అత్తకు కూడా నీతో చెప్పాల్సింది ఉంది అని. రంజిత గోడపక్క తిరిగి పడుకుంది.

బిడ్డకు గాటు పెట్టినచోట కాచి చల్లార్చిన నీళ్ళతో మెత్తగా కడగాల. పొడులు, నూనెలు ఏమీ పెట్టొద్దు. మూత్రం బాగా పోతా ఉందో లేదో గుడ్డలు చూడండి. జ్వరం వచ్చినా, కడుపు ఉబ్బినట్టు అనిపించినా వెంటనే నాకు ఫోన్ చేయమను. ఏ గంట అని చూడొద్దు.

దేవసేన


తిరుత్తణి,
నవంబరు 17

దేవసేనకు,

బిడ్డ బాగుండాది. యశస్విని అని ముకేశ్ పేరు పెట్టినాడు. రంజితను అడిగితే మీ ఇష్టం అన్నాదంట. జనని అయితే చెల్లెలి పక్క నుండి లేవడం లేదు.

నేను రాసేది వేరే. రంజిత బిడ్డను ఎత్తుకోవడం లేదు. పాలకు మాత్రం తీసుకుంటాది. తాగినాక నా ఒళ్ళో పెట్టేసి పోతాది. పాలు ఇచ్చేటప్పుడు కూడా కిటికీలో నుండి చూస్తా ఉంటాది. గుడ్డ మార్చేది, కడిగేది, నిద్రపుచ్చేది అన్నీ నేనే. బిడ్డ ఏడిస్తే నాకు వినబడదు కదా, జనని వచ్చి నా కొంగు లాగుతాది. రంజిత పక్క గదిలోనే ఉంటాది, ఆమెకు వినబడతాది, రాదు. షెడ్డులోకి పోయి కూర్చుంటాది. తరి, అదే మగ్గం, నడుస్తా ఉంటే ఆ చప్పుడులో ఏ ఏడుపూ వినబడదు. అది నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు.

వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోతానంటే వద్దన్నాది. ఇక్కడా ఉండలేక, అక్కడికీ పోలేక ఉండాది.

పక్కింటి సెల్లమ్మ వచ్చి బిడ్డను చూసినాది. ఏమైందని అడిగినాది. నేను దారి మూసుకోని పుట్టినాది, తెరిచినారు అని చెప్పినాను. రేపు వయసుకొచ్చినప్పుడు ఎట్లా, పెండ్లయితే ఎట్లా అని చెయ్యి తిప్పినాది. నాకు ఆ మాటలు బాగా అర్థమయినాయి. ఆ మాటలప్పుడు రంజిత అక్కడే ఉండాది. దానికి నువ్వు సరిగ్గా జవాబు రాయి, నేను ఆమెకు చదివి వినిపిస్తాను.

మన్నించమని నేను ఇంకా అడగలేదు. దినమూ అనుకుంటాను.

చెంగమ్మ


తిరువళ్ళూరు,
నవంబరు 22

అత్తకు,

రంజితకు చదివి వినిపించు, గట్టిగానే చదువు.

యశస్విని అందరి మాదిరే పెరుగుతుంది. అందరి మాదిరే పెద్దమనిషి అవుతుంది. పెండ్లి చేసుకోవాలనుకుంటే చేసుకుంటుంది, బిడ్డల్ని కంటుంది. లోపల గర్భసంచి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మూసుకోని ఉండింది ఒక్క పొర, అది ఇప్పుడు లేదు. వయసుకొచ్చే ముందు ఒకసారి చూపించి, దారి తెరుచుకోనే ఉందా అని చూసుకోవాల. ఆ పని నేను చేస్తాను. సెల్లమ్మ ఇంకోసారి అడిగితే నా దగ్గరికి పంపించండి.

పోయిన వారం తీసిన స్కాన్ రిపోర్టు ముకేశ్ పంపించినాడు. మూత్రపిండాల ఉబ్బు బాగా తగ్గింది. ఒకదానిలో కొంచెం మిగిలింది. అది కూడా తగ్గుతుందనే అనుకుంటా ఉండాను. అనుకుంటా ఉండాను అనే రాస్తా ఉండాను చూడు, తెలుసు అని రాయడం లేదు. తెలిసిందీ తెలియందీ విడివిడిగా చెప్పడం ఈమధ్యే నేర్చుకుంటా ఉండాను.

ఇక్కడితో చదవడం ఆపేసేయి. మిగతాది నీకు.

అత్తా, నువ్వు బిడ్డకు అన్నీ చేసేది, ఆ రోజు నువ్వు అన్న మాటకు ప్రాయశ్చిత్తంగా చేస్తా ఉండావని నాకు తెలుసు. కానీ నీ చేతులు ఖాళీ లేకపోతే రంజితకు చోటు యాడుంది? ఆమె తనను తాను శిక్షించుకుంటా ఉంది, నువ్వు ఆ శిక్షకు సాయం చేస్తా ఉండావు. ఒక పూట చేయొద్దు. కష్టంగానే ఉంటుంది, బిడ్డ కాసేపు ఏడుస్తుంది. ఏడవనీ.

నాకు తెలిసిన డాక్టరు ఒకామె ఉంది, ప్రసవమైన తల్లుల మనసు సంగతి చూస్తుంది. రంజిత సరే అంటే వచ్చే వారం నేనే తీసుకుపోతాను.

దేవసేన


తిరుత్తణి,
డిసెంబరు 3

దేవసేనా,

నీ జాబు చదివి వినిపించినాను. ఆపమన్నచోట ఆపినాను. రంజిత విన్నాది. డాక్టరు దగ్గరికి పోదామా అని ముకేశ్ చేత అడిగించినాను. చూద్దాం అన్నాదంట.

నిన్న మధ్యాన్నం కరెంటు పోయినాది. తరులన్నీ నిలిచిపోయినాయి. నాకు తేడా చెవుల్లో తెలీదు, కాళ్ళ కింద నేల వణకడం ఆగిపోతాది, దాంతో తెలుస్తాది. మీ మామ, ముకేశ్ షెడ్డు నుండి వచ్చి నడవలో కూర్చోని అన్నం తింటా ఉండారు. బిడ్డ ఉయ్యాల్లో ఉండాది. రంజిత వచ్చి నా ముందర కూర్చున్నాది. పెదవులు కదిలినాయి. నాకు వినబడలేదన్నాను. మళ్ళీ చెప్పినాది. మళ్ళీ వినబడలేదన్నాను. ముకేశ్ లేచి నాకు సైగ చేసి చెప్పబోయినాడు. వాన్ని చెయ్యి పెట్టి ఆపినాది. నా చెవి దగ్గర నోరు పెట్టి, ఇల్లంతా వినబడేటట్టు అరిచినాది.

"పోతే పోనీ అనే ఎక్కినాను అత్తా. మీరు అన్నందుకు కాదు. నాకే అనిపించినాది."

మీ మామ అన్నంలో చెయ్యి పెట్టుకోని అట్లే ఉండిపోయినాడు. ఆమె ఆపలేదు. దినమూ ఎక్కేటప్పుడు ఈ బిడ్డ జారిపోవాల అనుకుంటా ఎక్కినాదంట. పైకి పోయి సామి ముందర నిలబడినాక మాత్రం నోటి నుండి ఆ మాట రాదంట, ఉండనీ సామీ అనే వస్తాదంట. దిగేటప్పుడు కడుపులో బిడ్డ కదిలితే సిగ్గుతో మెట్ల మీద కూర్చునేదంట. మర్నాడు మళ్ళీ ఎక్కేదంట. సామి రెండిట్లో ఏది విన్నాడో తెలీదు, ఆ బిడ్డ మొగం చూస్తే దానికి తెలుసేమో అనిపిస్తాది అన్నాది.

అప్పుడు నేను చెప్పినాను. ఎంత గట్టిగా చెప్పినానో తెలీదు, వీధిలో వినబడిందని సెల్లమ్మ తర్వాత చెప్పినాది. పోతే మేలు అన్నది ముందు నేను, నన్ను మన్నించు అన్నాను. నేను అన్నాకనే నీకు అనిపించినాది అన్నాను. ఆమె కాదని తల ఊపినాది. చెన్నై నుండి వచ్చేటప్పుడే రైల్లోనే అనిపించినాది అన్నాది. నేను నాదే అంటాను, ఆమె నాదే అంటాది. తప్పు ఎవరిదో తేలలేదు. తేలదు కూడా. ముకేశ్ చెయ్యి కడుక్కోని వీధిలోకి పోయినాడు. చాలాసేపటికి వచ్చి ఆమె పక్కన కింద కూర్చున్నాడు. ఆమె చెయ్యి తీసి తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

ఆ పొద్దు మా అరుపులకు బిడ్డ లేచినట్టుండాది. ఉయ్యాల గుడ్డ కదలడం చూసినాను. జనని వచ్చి నా కొంగు లాగినాది. నాకు లేవాలనే ఉండాది, ఒళ్ళంతా లేస్తా ఉండాది. నువ్వు రాసింది గుర్తుచేసుకోని చేతులు రెండూ తొడల కింద పెట్టుకోని కూర్చున్నాను. జనని నన్ను వింతగా చూసినాది, తర్వాత వాళ్ళమ్మ కొంగు లాగినాది.

రంజిత లేచినాది. ఉయ్యాల దగ్గర నిలబడి లోపలికి చూసినాది. నేను ఆమె వీపు మాత్రమే చూస్తా ఉండాను. బిడ్డతో ఏం చెప్పినాదో నాకు తెలీదు, భుజాలు మాత్రం కదిలినాయి. చాలాసేపు చెప్పినాది. తర్వాత ఎత్తుకున్నాది.

బిడ్డ తడిసి ఉండాది. పెరట్లోకి తీసుకుపోయి ముక్కాలిపీట మీద కూర్చోని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాది. గుడ్డ విప్పినాది. ఆ చోటు ఆమె చూడడం అదే మొదలు. మానిపోయి ఉండాది, గుర్తు కూడా తెలీదు. వేలు పెట్టబోయి ఆగి, నా పక్క తిరిగినాది. ఈసారి నోటితో చెప్పలేదు, చెయ్యి చాపినాది.

కాచి చల్లార్చిన నీళ్ళ చెంబు తీసుకోని పోయి నేను పోసినాను. ఆమె కడిగినాది.

మీ అత్త
చెంగమ్మ